గాజు మొహం సర్క్యులర్

రావికుదురు మున్సిపల్ కమిషనర్ పరాంకుశరావు గారు మురుగుకాలవల మీద అధ్యయనం చెయ్యడానికి కొరియా దేశం వెళ్ళి, మొహాల మీద అధ్యయనం చేసి తిరిగొచ్చారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఐదు రోజుల పాటు ఆ ఊరంతా కాళ్ళరిగేలా తిరిగినా మురుగుకాలవ అన్నది ఒక్కటీ కంటబడలేదట. అన్నీ భూమి లోపలే ఉన్నాయట. కంటికి కనబడని దాన్ని పాపం ఆయన మాత్రం ఏమని అధ్యయనం చేస్తారు? కనబడ్డవి మొహాలు. బస్సు తోలే ఆయన మొహం, టిక్కెట్టిచ్చే అమ్మాయి మొహం, రోడ్డూడ్చే ముసలాయన మొహం, అన్నీ అప్పుడే తుడిచిన గాజు పలకల్లా మెరిసిపోతున్నాయట.

తిరిగొచ్చేసరికి బల్ల మీద ప్రజాభిప్రాయ నివేదిక ఒకటి సిద్ధంగా ఉంది. నాలుగు పేజీలు. కుళాయి నీళ్ళు రావటం లేదని ఒక పేజీ, వీధి దీపాలు వెలగటం లేదని ఒక పేజీ, కాలవలు పొంగుతున్నాయని పేజీన్నర. చిట్టచివర ఎవరో చిలిపివాడు ఒక్క వాక్యం రాశాడు: "ఆఫీసులో సిబ్బంది మొహాలు చూస్తే వచ్చిన పని మర్చిపోతున్నాం."

పరాంకుశరావు గారు ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీశారు. సమస్య దొరికింది. మందు ఆయన సూట్‌కేసులోనే ఉంది.

ఈ వ్యవహారంలో అందరికంటే ఎక్కువ నలిగినవాడు కడలి పండుదొర. పేరులో దొరతనం ఉంది గాని ఉద్యోగం మాత్రం వాటర్‌వర్క్సులో వాల్వు తిప్పడం. తెల్లవారుజామున ఐదింటికి ఆఫీసు గోడకున్న మిషను ముందు మొహం పెట్టి హాజరు వేయించుకోవడం, నిలువెత్తు ఇనప కీ భుజాన వేసుకుని వీధి వీధికీ వెళ్ళడం, వాల్వు గుంటలోకి వంగి కుళాయిలకి నీళ్ళు వదలడం. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. పద్దెనిమిదేళ్ళుగా టెంపరరీయే. ఈ మధ్యలో రెండుసార్లు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, "రేపట్నించి రావక్కర్లేదు" అని. రెండుసార్లూ నాలుగు రోజుల తర్వాత మళ్ళీ ఫోన్ చేసి, "ఏమయ్యా, రావటం మానేశావేం?" అని వాళ్ళే తిట్టారు. అప్పట్నించి పండుదొర ఫోన్ మోగితే చాలు, ఎత్తే ముందు ఓసారి భార్య సత్యవేణి వంక చూసేవాడు.

ఇన్నాళ్ళకి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తొంభై రోజులు ఒక్క పూటైనా గైర్హాజరు లేకుండా, ఒక్క మెమో అయినా లేకుండా పనిచేసిన పాత టెంపరరీలని పర్మినెంటు చేస్తారట. పండుదొర ఇంట్లో క్యాలెండర్ మీద సత్యవేణి రోజుకో పసుపు బొట్టు పెడుతోంది. అరవై బొట్లు పడ్డాయి. అరవై ఒకటో రోజున కమిషనర్ గారు మీటింగు పెట్టారు.

"ఈ రోజు నుంచి మన పురపాలక సంఘం తన ముఖస్వరూపాన్ని సమూలంగా మార్చుకోబోతోంది" అని మొదలుపెట్టారు. హాల్లో అందరూ పై కప్పుకి సున్నం వేస్తారనుకున్నారు. "భవనం కాదు. మీరు. కొరియాలో చర్మసంరక్షణ అనేది పది దశల ప్రక్రియ. ముందు నూనెతో కడగాలి. తదుపరి నురగతో కడగాలి."

హెల్తు సెక్షన్లోంచి ఎవరో అడిగారు. "ఓసారి కడిగింది మళ్ళీ ఎందుకండీ కడగడం?"

"మొదటిసారి శుభ్రపరచుట. రెండవసారి, శుభ్రపరచినట్టు ధ్రువీకరించుట."

అందరికీ చక్కగా అర్థమైంది. ఆ ఆఫీసులో ఏ కాగితమైనా అలాగే కదులుతుంది. ఆ తర్వాత టోనరు, ఎసెన్సు, సీరం, మొహానికి కాగితం మాస్కు, కళ్ళ కింద క్రీము, ఇంకా ఏవేవో చెప్పి చివర్న ఎండ తగలకుండా రాసే లేపనం దగ్గర ఆగారు. "ఇది పూర్తయ్యాకే హాజరు. మొహం సిద్ధం కాని ఉద్యోగి ప్రజల ముందుకు పోరాదు."

తలుపు దగ్గర నిలబడ్డ పండుదొర చెయ్యెత్తాడు. "అయ్యా, నా పని సూర్యుడు రాకముందే అయిపోతాదండి. ఆ ఆఖర్ది నాకొద్దేమోనండి."

"ఎండ వచ్చినా రాకపోయినా నిబంధన వస్తుంది కదయ్యా" అన్నారు కమిషనర్ గారు, ఎంతో ప్రేమగా.

అమలు బాధ్యత శానిటరీ ఇన్‌స్పెక్టరు భీమశంకరానికి అప్పజెప్పారు. చర్మ నోడల్ అధికారి అని హోదా. ఊళ్ళో శుభ్రం చెయ్యడంలో అనుభవమున్నది ఆయనకే కదా అన్నారు. భీమశంకరానికి తెలిసిందల్లా కాలవలే గనక మొహాలని కూడా ఆయన అదే కళ్ళతో చూశాడు. చర్మ రంధ్రాలు ఆయన రిజిస్టర్లో మ్యాన్‌హోళ్ళయ్యాయి. మొటిమ అంటే అడ్డంకి. ముక్కు పక్కన నల్లచుక్కలు తియ్యడం పూడికతీత. రెవెన్యూ గుమస్తా బుగ్గని టార్చిలైటు వేసి చూసి, "ఇక్కడ ప్రవాహం నిలిచిపోయిందండి" అని రాసుకున్నాడు.

మర్నాడు ఐదింటికి పండుదొర ఆఫీసుకొచ్చేసరికి గుమ్మంలో భీమశంకరం సీసాలు బారుగా పెట్టుకుని కూర్చున్నాడు.

"మొహం కడుక్కో."

"నీళ్ళు లేవండి."

"కుళాయి తిప్పు."

"తిప్పానండి. రావటం లేదు."

"ఎందుకు రావు?"

"నేనింకా వదల్లేదు కదండీ."

"ఎందుకు వదల్లేదు?"

"మీరు హాజరు వెయ్యనివ్వలేదండి."

"ఎందుకు వెయ్యనివ్వలేదు?"

"మొహం కడుక్కోలేదనండి."

భీమశంకరం గడ్డం గోక్కున్నాడు. ఎక్కడో ఏదో అడ్డం పడిందని ఆయనకీ తోచింది. కానీ సర్క్యులర్ ఓసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాక ఆయన మనసు కుదుటపడింది.

"మరైతే కడుక్కో" అన్నాడు.

"పోనీ ముందు గబగబా నీళ్ళొదిలేసొచ్చి, తర్వాత తీరుబడిగా కడుక్కుంటానండి. ఆడవాళ్ళు బిందెలట్టుకుని నుంచునుంటారు."

"హాజరు పడకుండా వాల్వు ముట్టుకుంటే ఏమవుతుందో తెలుసా? బయటి వ్యక్తి మున్సిపల్ ఆస్తిని ముట్టుకున్నట్టు అవుతుంది. ఆ బయటి వ్యక్తి ఎవరో నేను రిపోర్టు రాయాల్సొస్తుంది. నీ పేరే రాయాలి. ఎందుకొచ్చిన గొడవ నీకు?"

పండుదొరకి క్యాలెండరు కళ్ళముందు ఆడింది. కీ గోడకి ఆనించాడు. ఆరున్నరకి టీకొట్టు తెరిచాక వాళ్ళ బిందెలో నీళ్ళు బతిమాలి తెచ్చుకుని, పది దశలూ పూర్తి చేసుకుని, మిషనుకి మొహం చూపించి, వీధుల్లోకి వెళ్ళేసరికి ఎనిమిది దాటింది. వాల్వు గుంటలోకి వంగుతుంటే నెత్తి మీద ఖాళీ బిందెల మోత, దాంతోపాటు తిట్లు. నూనె రాసిన చేతుల్లో ఇనప కీ రెండుసార్లు జారింది.

రెండో రోజు నుంచి సత్యవేణి రాత్రే బోరింగు కొట్టి రెండు టిన్నుల నీళ్ళు సిద్ధం చేసిపెట్టేది. సైకిలుకి ఆ పక్కొకటి ఈ పక్కొకటి కట్టుకుని బయల్దేరేవాడు. ఊరందరికీ నీళ్ళొదిలేవాడు తన నీళ్ళు తనే మోసుకుంటూ వెళ్ళడం వీధిలో వాళ్ళు వింతగా చూశారు.

"ఇంతకీ ఆ సీసాల్లో ఏటుంటాదండి?" అంది సత్యవేణి ఓ పొద్దున్న.

"ఒకదాంట్లో బియ్యం కడిగిన నీళ్ళంట."

"ఓలమ్మో! అది రోజూ మన గేదెకి పోత్తన్నాను కదండీ. మూతి నిగనిగలాడిపోతందంటే ఎందుకో అనుకున్నాను. ఇంకోదాంట్లో?"

"నత్త జిగురంట."

సత్యవేణి చెంబు కింద పెట్టి మొగుడి మొహంలోకి చూసింది. "ఇదుగో, ఏమండోయ్. పర్మినెంటు కోసం రాసుకోండి, వద్దనను. కానీ ఇంటికొచ్చేప్పుడు కడుక్కుని రండి."

ఇదంతా సీసాలున్నంత వరకు సాగిన కథ. పది రోజులకి కొరియా సీసాలు ఖాళీ అయ్యాయి. కమిషనర్ గారు వెనక్కి తగ్గే మనిషి కాదు. 'స్థానిక వనరుల వినియోగం' అని రెండో సర్క్యులర్ వచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళు మధ్యాహ్న భోజనం వండే స్కూళ్ళ నుంచి డ్రమ్ముల్లో తెప్పించారు. నత్తల కోసం భీమశంకరం పారిశుధ్య సిబ్బందిని వరిచేలలోకి పంపాడు. ఊళ్ళో చెత్త ఎక్కడిదక్కడే ఉంది గాని ఆఫీసు వెనక షెడ్డులో మాత్రం ఆరు గోనెసంచుల నత్తగుల్లలు చేరాయి. నాలుగో రోజున బాతులు కాసుకునేవాళ్ళు వచ్చి ధర్నా చేశారు, మా బాతుల తిండి గవర్నమెంటోళ్ళు మొహాలకి రాసుకుంటున్నారని. కమిషనర్ గారు బయటికొచ్చి వాళ్ళ మొహాలు ఓసారి పరకాయించి, "మీకు కూడా అవసరమే" అని తలో సీసా ఇచ్చి పంపారు.

బుధవారం మాస్కు రోజు. పదిన్నర నుంచి పదకొండు దాకా సిబ్బంది అంతా తెల్ల కాగితాలు మొహానికి అంటించుకుని ఎవరి కౌంటర్లో వాళ్ళు కూర్చోవాలి. పెదవి కదిపితే మాస్కు జారుతుంది గనక మాట్లాడరాదు. సరిగ్గా అదే టైముకి కాపుల వీధి నుంచి నూకరత్నం వచ్చింది. ఆవిడ నోరంటే ఆ వీధిలో కుక్కలకి కూడా భయం. లోపల అడుగుపెట్టి చూస్తే వరసాగ్గా పన్నెండు తెల్ల మొహాలు, కళ్ళు రెండూ నోరు ఒకటీ చిల్లులు.

"ఎవరన్నా పోయారేటండి?" అంది నెమ్మదిగా.

ఎవరూ ఉలకలేదు. ధైర్యం చేసి మూడో కౌంటర్ ముందు నిలబడి మొదలెట్టింది. వీధిలోకి నీళ్ళు ఐదున్నరకి వచ్చేవి ఏడు దాటాక వస్తున్నాయని, పిల్లలు నీళ్ళోసుకోకుండా స్కూలికెళ్తున్నారని, తన మొగుడు గడ్డం గీసుకోవడం మానేసి సన్నాసుల్లో కలిసిపోయేలా ఉన్నాడని, అరగంట సేపు చెప్పింది. తెల్ల మొహం ఎంతో శ్రద్ధగా విన్నది. మధ్యమధ్యలో తలూపింది కూడా. అంత ఓపిగ్గా విన్న ఉద్యోగిని తన జన్మలో చూడలేదని నూకరత్నానికి కళ్ళనీళ్ళు తిరిగాయి. పదకొండింటికి మాస్కు తీశాక తేలింది, అతను ఉద్యోగి కాదు. జనన ధ్రువపత్రం కోసం పక్క ఊరి నుంచి వచ్చినవాడు. కూర్చుని ఉన్నాడు గదా అని భీమశంకరం పొరపాటున అతనికీ ఒకటి అంటించేశాడు.

"చాలా బాధగా ఉందండి మీ కథ" అన్నాడతను, మొహం తుడుచుకుంటూ.

ఇలా రోజులు గడుస్తుంటే పండుదొర మొహం మాత్రం నిజంగానే మారిపోసాగింది. పద్దెనిమిదేళ్ళ తుప్పు, బురద, ఎండ పొరలు పొరలుగా వదిలి, లోపల్నించి ఎవరో కొత్త మనిషి బయటపడ్డాడు. బుగ్గలు నున్నగా తేలాయి. నుదుటి ముందు దీపం పెడితే రెండు దీపాలు కనిపించేలా ఉంది. కమిషనర్ గారు అతన్ని అందరి ముందూ నిలబెట్టి, "ఇదీ గాజు చర్మం అంటే!" అని చప్పట్లు కొట్టించారు. సత్యవేణి మాత్రం రెండు రోజులు మొగుడి ఎదుట తలెత్తి మాట్లాడలేకపోయింది. పరాయి మగాడెవరో పీట మీద కూర్చుని అన్నం తింటున్నట్టుందంది.

డెబ్బై తొమ్మిదో రోజు పొద్దున్న మిషను ముందు మొహం పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది.

"ఈ ముఖం నమోదులో లేదు."

ఇంకోసారి పెట్టాడు. అదే మాట. కుడి పక్కన, ఎడం పక్కన, గడ్డం ఎత్తి, గడ్డం దించి. ఆఖరికి చేతులెత్తి దణ్ణం కూడా పెట్టాడు. మిషను దణ్ణాలకి లొంగలేదు.

సరాసరి ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంటు అనసూయ గారింటికే పరిగెత్తాడు. పర్మినెంటు ఫైలు ఆవిడ దగ్గరే ఉంది. ఆవిడ వాకిట్లోనే నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, అతని మొహం ఆసాంతం చూశారు.

"మిషను తప్పు చెప్పదు పండుదొరా. నమోదైనది పాత మొహం. నువ్వు తెచ్చింది కొత్త మొహం."

"రెండూ నాయేనండి."

"అది నువ్వంటున్నావు. రికార్డు అనొద్దూ? కావాలంటే ఈ కొత్త మొహాన్ని ఇవాళే నమోదు చేయిస్తాను."

"చేయించండమ్మా, మీ కాళ్ళట్టుకుంటాను."

"చేయిస్తే ఈ మొహం ఇవాళ చేరినట్టవుతుంది. సర్వీసు ఒకటో రోజు నుంచి మొదలు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు పాత మొహం పేర ఉంది. ఆ మొహం ఇవాళ గైర్హాజరు అవుతుంది."

పండుదొర ఆ వాకిట్లోనే నీరుగారిపోయాడు. తను కష్టపడి వంగిన ఏళ్ళన్నీ కడిగి పారబోసిన ఆ మురికితోపాటు కాలవలో కొట్టుకుపోయాయా అనిపించింది. తిరిగొచ్చే దారిలో మెయిన్ రోడ్డు వాల్వు గుంట కనబడింది. సైకిలు దిగి, అందులో చెయ్యి పెట్టి, గుప్పెడు తుప్పు బురద తీసి మొహానికి పట్టించాడు. ఆఫీసుకెళ్ళి మిషను ముందు నిలబడ్డాడు.

పచ్చ దీపం వెలిగింది. "స్వాగతం, కడలి పండుదొర."

మిషను మాటకి మనిషి ఏడవడం అప్పుడే మొదటిసారి.

అప్పట్నించి అతని పొద్దు ఇలా నడిచింది. నాలుగింటికి లేవడం. భీమశంకరం ముందు మొహం కడిగి పది దశలూ పూర్తిచేసి ఆయన చేత సంతకం పెట్టించుకోవడం. గోడ చాటుకెళ్ళి డబ్బాలో తెచ్చుకున్న బురద రాసుకోవడం. మిషనుకి చూపించడం. మళ్ళీ గోడ చాటుకెళ్ళి కడుక్కోవడం. టిన్నులు రెండు కాస్తా నాలుగయ్యాయి. బొట్లు మాత్రం పడుతున్నాయి. ఎనభై ఐదు. ఎనభై ఆరు. ఎనభై ఏడు.

ఎనభై ఎనిమిదో రోజు భీమశంకరం కళ్ళజోడు మర్చిపోయి వెనక్కొచ్చి, బురద మొహంతో మిషను ముందు నిలబడ్డ పండుదొరని పట్టుకున్నాడు. కళ్ళజోడు లేకపోయినా బురద ఆయన గుర్తుపట్టగలడు.

మధ్యాహ్నానికి మెమో సిద్ధమైంది. 'సదరు ఉద్యోగి, ప్రభుత్వ ఖర్చుతో శుభ్రపరచిన తన ముఖమును ఉద్దేశపూర్వకముగా మాపుకొని, తద్వారా తన వేషమును తానే ధరించి, తాను కాని తానుగా హాజరు పొందినట్లు తెలియవచ్చినది. కావున సదరు వ్యక్తి తానేనని మూడు దినములలో రుజువు చేసుకొనవలెను. లేనియెడల పర్మినెంటు ఫైలు తిప్పి పంపబడును.'

"తన వేషం తనే వేసుకున్నాడా?" అంది సత్యవేణి కాగితం రెండుసార్లు చదివించుకుని. "మరి ఇంకెవరెయ్యాలంటండీ మీ వేషం?"

పండుదొర నవ్వలేదు. ఎనభై ఎనిమిదో గడిలో బొట్టు పెట్టాలో వద్దో తెలీక ఆవిడ వేలు కూడా అక్కడే ఆగిపోయింది.

పరాంకుశరావు గారికి విచారణ అంటే సరదా. తొంభయ్యో రోజున ఆఫీసు ఆవరణలో షామియానా వేయించారు. "ఈ ముఖాలు ఎవరి కోసం? ప్రజల కోసం. కాబట్టి ఈయన పండుదొర అవునో కాదో ప్రజలే తేల్చాలి. ఇరవై మంది కుళాయి వినియోగదారులని పిలిపించండి."

ఇరవై మంది ఆడవాళ్ళు వచ్చారు. ముందు వరసలో నూకరత్నం. పండుదొర లుంగీ, మెడ చుట్టూ తువ్వాలు, చేతిలో ఇనప కీతో, ఎప్పుడు పనికెళ్ళినా ఎలా వెళ్తాడో అలాగే వచ్చాడు. ఒంటి మీద చొక్కా వేసుకునే అలవాటు పనివేళల్లో అతనికి లేదు. ముందు గాజు మొహంతో నిలబెట్టారు.

"ఈయన్ని ఎరుగుదురా?" అన్నారు కమిషనర్ గారు.

నూకరత్నం ఎగాదిగా చూసింది. "ఎవరండీ ఈ పెళ్ళికొడుకు? మా వీధి వైపు ఎప్పుడూ రాలేదే."

ఇరవై తలలూ అడ్డంగా ఊగాయి. అనసూయ గారు రాసుకున్నారు: గుర్తించలేదు. భీమశంకరం స్వయంగా చేత్తో బురద పులిమి మళ్ళీ నిలబెట్టాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడసలు తెలీదండి" అంది నూకరత్నం. వెనకనుంచి ఇంకొకావిడ, "ఈయన మొహం ఎన్నడూ చూసిన పాపాన పోలేదమ్మా" అంది.

అనసూయ గారు రెండోసారి రాసుకున్నారు. ఫైలు మూసే చప్పుడు పండుదొరకి వినబడింది. అతనూ ఆ ఇరవై మొహాల వంక చూశాడు. నిజం చెప్పొద్దూ, అతనూ ఒక్కరినీ ఎరగడు. తల దించుకున్నాడు. దించుకున్న కళ్ళకి వాళ్ళ పాదాలు కనబడ్డాయి. ఆ పాదాలన్నీ తెలుసు. అది వెండి మట్టెల కాలు, అందరికంటే ముందొచ్చి నుంచునేది. అది బొటనవేలికి గుడ్డ కట్టిన కాలు, రెండు బిందెలకి మించి పట్టదు. ఆ పగిలిన మడమలు నూకరత్నానివి, తిట్టేటప్పుడు కుడికాలు నేలకేసి తపతపా కొడుతుంది. పద్దెనిమిదేళ్ళుగా గుంటలోంచి చూసింది ఆ పాదాలనే.

"మీ కాళ్ళైతే నాకు తెలుసండి" అన్నాడు. "మొహాలు నేనూ చూళ్ళేదు."

ఇక చెప్పడానికేమీ లేదు. చేతిలోంచి జారి పడిన ఇనప కీ కోసం వంగాడు.

"ఆగండి!"

నూకరత్నం గొంతు. షామియానా గుంజలు అదిరాయి.

"అలాగే ఉండండి. లేవకండి. కాస్త ఇటు తిరగండి. అమ్మలూ, చూశారా? ఆ నడ్డి దగ్గర వంకర, కుడి రెక్క కింద బొప్పి! ఆయ్, ఈయనే! మా కుళాయాయన!"

"అవునవును, ఈయనే!" ఇరవై నోళ్ళూ ఒక్కసారి లేచాయి. "ఈ వీపు కాకపోతే ఇంకెవరిది? మనోడే!"

"ఖచ్చితంగా చెప్పగలరా?" అన్నారు కమిషనర్ గారు.

"చెప్పడమేంటండీ! పద్దెనిమిదేళ్ళ నించి తెల్లారి లేస్తే నేను మొదట చూసేది ఈ వీపునే. దేవుడి పటం కంటే ముందు. మావారి మొహం కంటే ముందు. ఎప్పుడు తలెత్తాడు గనకండీ ఈ మానవుడు, మొహం చూడ్డానికి? వంగే ఉంటాడు. మేం నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయాక లేస్తాడు కాబోలు."

వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. లేవమని ఎవరూ చెప్పలేదు, పైగా కళ్ళనీళ్ళు ముక్కు మీద నుంచి నేల మీదికి కారుతున్నాయి, లేస్తే అందరూ చూస్తారు.

పరాంకుశరావు గారు కుర్చీలోంచి మెల్లగా లేచారు. మొహంలో వెలుగు వచ్చింది. అది సీరం వల్ల కాదు.

"అంటే," అన్నారు, "ఈ ఉద్యోగి విషయంలో ప్రజలకు అభిముఖంగా ఉన్న భాగం... ముఖం కాదు!"

"చిత్తం" అన్నాడు భీమశంకరం, ఏమీ అర్థం కాకపోయినా.

"మనం తప్పు భాగం మీద పనిచేశాం శంకరం! అనసూయ గారూ, రాసుకోండి. సదరు వ్యక్తి, తన వీపు ఆధారముగా, తానేనని ప్రజలచే ఏకగ్రీవముగా ధ్రువీకరించబడినాడు. కావున పద్దెనిమిదేళ్ళ సర్వీసు సదరు వీపునకు చెందును. మెమో రద్దు. ఈ దినము నుండి శాశ్వత ఉద్యోగిగా నియమించడమైనది. మిషనులో ముఖము తొలగించి వీపు నమోదు చేయవలెను."

అనసూయ గారు ఒక్క క్షణం కలం ఎత్తి, "వీపుకి కాలమ్ లేదండి" అన్నారు.

"ముఖం కాలమ్‌లోనే రాయండి."

రాశారు. సంతకమైంది. మర్నాడు పొద్దున్న పండుదొర మిషనుకి వీపు తిప్పి వంగి నిలబడ్డాడు. పచ్చ దీపం వెలిగింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఫోన్ మోగినా సత్యవేణి వంక చూడటం మానేశాడు. ఎవరో అడిగితే ఆవిడ చెప్పింది, "ఆయన మొహాన్ని తీసెయ్యగలరేమో గాని వీపుని తీసెయ్యలేరంటండి" అని.

వారం తిరక్కుండా కొత్త సర్క్యులర్ వచ్చింది. శాశ్వత ఉద్యోగి వీపుకి పది దశల సంరక్షణ తప్పనిసరి. అయితే ఎవరి వీపు వారికి అందదు గనక సీసాలు పట్టుకుని పూసే బాధ్యత చర్మ నోడల్ అధికారిదే. సాక్షాత్తూ భీమశంకరానిదే. ప్రతి దశకీ వీపు మెరుపు పరిశీలించి సంతకం పెట్టేది మాత్రం నూకరత్నం, ప్రజాప్రతినిధి హోదాలో.

మొదటి రోజు ఐదింటికి భీమశంకరం నూనె సీసా ఒక చేత్తో, నత్త జిగురు ఇంకో చేత్తో పట్టుకుని కాపుల వీధిలో వాల్వు గుంట దగ్గర ఎదురుచూస్తున్నాడు. చుట్టూ బిందెలతో ఆడవాళ్ళు. పండుదొర సైకిలు దిగి, ఆయన వంకైనా చూడకుండా, కీ గుంటలో దించాడు.

"ఏయ్ పండుదొరా, ముందు ఇది రాయాలి! ఆర్డరుంది!"

పండుదొర గుంటలోకి వంగి కీ ఒక చుట్టు తిప్పాడు. లోపల గొట్టాల్లో గాలి గురగురమంది. ఇంకో చుట్టు. వీధి చివరి కుళాయిలోంచి నీళ్ళు తుళ్ళిపడ్డాయి. అప్పుడు తలెత్తకుండానే అన్నాడు:

"ఆగండి బాబూ, నీళ్ళొదలనివ్వండి. పర్మినెంటు వీపండి, ఎక్కడికి పోతాది?"